సెయింట్ బోటాల్ఫ్ చర్చికి మరుగుదొడ్డి కానుక

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలంటారు. ఇంగ్లండులో ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించారు. అక్కడ దేవుడూ ఇస్తాడు, పూజారీ ఇస్తాడు. ఇవ్వనిది కమిటీ ఒక్కటే. (కమిటీ ఇవ్వదని అనకూడదు. పరిశీలిస్తోందని అనాలి.) ఇంకో విశేషమేమిటంటే, భక్తుడు దేవుడి దగ్గర్నుంచి పుచ్చుకోవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు గానీ, దేవుడికి ఇవ్వడానికి మాత్రం కావాలి.

ఈ సంగతి లిటిల్ మికిల్‌హామ్ ఊళ్ళో డోరీన్ యాక్స్‌లీకి డెబ్బై నాలుగో ఏట తెలిసింది.

ఆ ఊరి సెయింట్ బోటాల్ఫ్ చర్చి ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. దానికి గంటల గోపురం ఉంది, రంగుటద్దాల కిటికీలున్నాయి, ముక్కు విరిగిన రాతి దేవదూతలున్నారు. మరుగుదొడ్డి లేదు. కట్టినవాళ్ళకు ఆ అవసరం రాలేదని, వచ్చినా దేవుడి ముందు చెప్పుకోలేదని ఊరివాళ్ళ నమ్మకం. చర్చి లోపల ఆ పని చేసుకునే హక్కు చట్టప్రకారం గబ్బిలాలకు మాత్రమే ఉంది. అవి రక్షిత ప్రాణులు. పాటల పుస్తకాల మీద, పాస్టరమ్మ భుజాల మీద, ఒకసారి పెళ్ళికూతురి ముసుగు మీద అవి ఆ హక్కును వినియోగించుకున్నాయి. ఎవరూ కిమ్మనలేదు.

డోరీన్ రక్షిత ప్రాణి కాదు. చలికాలం ఆ రాతి గోడల మధ్య కూర్చుంటే ఆమెకు గంట ఆగడం గగనం. ఆరాధన సగంలో లేచి, వంగి వంగి బయటికి నడిచి, రోడ్డు దాటి ‘గుడ్డి హంస’ అనే బీరుకొట్టుకు పరుగెత్తేది. మామూలు ఆదివారాల్లో ఆమెకు దీనివల్ల పోయేదేమీ లేదు. ప్రసంగంలో రెండో సగం వినకపోవడాన్ని కొంతమంది అదృష్టం కిందే లెక్కవేసేవారు. కానీ నవంబరులో ఒక ఆదివారం ఉంటుంది. ఆ రోజు ఊళ్ళో చనిపోయినవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివి, పేరుకొక కొవ్వొత్తి వెలిగిస్తారు. ఇంటిపేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో చదువుతారు. అందరికంటే ముందు ఆబ్లెట్ వంశం వస్తుంది. అందరికంటే చివర, ఊరంతా అయిపోయాక, ‘వై’ అక్షరం దగ్గర క్లిఫర్డ్ యాక్స్‌లీ వస్తాడు.

క్లిఫర్డ్ ఆమె భర్త. పోయి ఆరేళ్ళయింది. ఆరు నవంబర్లూ అతని పేరు చదివే సమయానికి ఆమె గుడ్డి హంసలోనే ఉంది.

“చదివారు వదినా, చక్కగా చదివారు. ఈసారి తప్పు కూడా పలకలేదు,” అనేది పక్కన కూర్చునే ఆడపడుచు మేవిస్, ఆమె రొప్పుతూ తిరిగొచ్చేసరికి. “కొవ్వొత్తి కూడా బాగా వెలిగింది. అదుగో, ఇప్పుడే ఆర్పేశారు.”

డోరీన్ ఆరిన కొవ్వొత్తి కేసి చూసేది. ఇంట్లో ఆ పేరు పెట్టి పిలవడానికి మనిషి లేడు. ఊళ్ళో ఆ పేరు ఎత్తితే ఎక్కడ ఏడుస్తుందోనని ఎవరూ ఎత్తరు. ఏడాదికొకసారి నలుగురిలో, గట్టిగా, గౌరవంగా ఆ రెండు మాటలూ ఎవరైనా పలికితే వినాలని ఆమెకు ఉండేది. ఇంతకుమించి ఆమె దేవుణ్ణి గానీ, చర్చిని గానీ ఏమీ కోరలేదు.

గుడ్డి హంసలో ఇంకో చిక్కుంది. ‘ఏమీ కొననివారికి లోపల పనిలేదు’ అని అక్కడ బోర్డుంది. యజమాని బార్నబీ మంచివాడే గానీ బోర్డు వాళ్ళ నాన్న పెట్టింది. అందుకని డోరీన్ వెళ్ళినప్పుడల్లా అరగ్లాసు బీరు కొనేది. డబ్బు పోసి కొన్నది పారబోయడం ఆమె పెరిగిన ఇంట్లో మహాపాపం. కాబట్టి తాగేది. తాగినదాని ఫలితం వచ్చే కీర్తన మధ్యలో తెలిసేది. అప్పుడు మళ్ళీ పరుగు, మళ్ళీ అరగ్లాసు.

“ఏమ్మా డోరీనమ్మా, ఇవాళ రెండోసారి!” అనేవాడు బార్నబీ మెచ్చుకోలుగా. “మా పాతకాపులు కూడా పొద్దున్నే ఇంత ఊపు మీద ఉండరు!”

మూడో ఏడాదికి ఊరు ఒక నిర్ణయానికి వచ్చింది. పాపం, మొగుడు పోయాక ఆవిడ తాగుడుకు బానిసైంది. పాస్టరమ్మ ఫిలిపా ఒకరోజు ఇంటికొచ్చి, టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి, వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఒక కరపత్రం వదిలిపెట్టింది. ‘ఒక్క గ్లాసుతో మొదలు’ అని దాని పేరు. (ఇంగ్లండులో మనిషిని మందలించే పద్ధతి ఇదే. మందలించినవాళ్ళు కూడా మందలించినట్టు ఒప్పుకోరు.)

డోరీన్ సిగ్గు విడిచి అసలు సంగతి చెప్పేసింది. ఏడు ఊళ్ళకు ఒక్కతే పాస్టరమ్మ కాబట్టి ఫిలిపాకు ఏ సమస్యనైనా కారు తాళం చేతిలో పట్టుకునే పరిష్కరించడం అలవాటు.

“అయ్యో, దీనికేనా! ఈసారి జాబితా కింద నుంచి పైకి చదువుదాం. మీ ఆయన పేరే ముందు వస్తుంది,” అంది.

సంఘపెద్ద హ్యూబర్ట్ ఆబ్లెట్ ఈ మాట విని రెండు రోజులు అన్నం మానేసినంత పని చేశాడు.

“పాస్టరమ్మగారూ, నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు,” అన్నాడు. (అంటే ప్రాణం పోయినా ఒప్పుకోనని.) “కానీ మావాళ్ళు ఎప్పుడూ మొదటే ఉన్నారు. మా ముత్తాత ఆ నమ్మకంతోనే కన్నుమూశాడు. ఇప్పుడు తీసుకెళ్ళి చివర పడేస్తే ఆయనకేం సమాధానం చెప్తాం?”

“ఆయన అడుగుతాడంటారా?”

“మా వంశంలో అందరూ అడిగేవాళ్ళేనండీ.”

అక్షరక్రమం నిలిచింది. డోరీన్ ఇంటికెళ్ళి షెడ్డు తలుపు తీసింది. అందులో క్లిఫర్డ్ ట్రాక్టరు ఉంది. అతను పుట్టకముందు నాటి బండి అది. ఇరవై ఏళ్ళు దాన్ని విప్పి, తుడిచి, బిగించి, చంటిపిల్లలా దుప్పటి కప్పి ఉంచాడు. ఒక్కనాడూ పొలానికి తోలలేదు. వేలంలో దానికి పన్నెండు వేల పౌండ్లు వచ్చాయి. ఆ డబ్బంతా చర్చికిచ్చి, క్లిఫర్డ్ పేరు మీద ఒక మరుగుదొడ్డి కట్టించమంటానని ఆమె మేవిస్‌తో అంది.

“మా అన్నయ్య పేరు మీద కక్కసుదొడ్డా!” అంది మేవిస్.

“కాదంటావా?”

మేవిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “వాడు బతికుంటే తెగ నవ్వేవాడు వదినా. కట్టించెయ్.”

చర్చికి కానుక ఇచ్చే ఫారంలో కానుక రకం అనే గడి ఉంటుంది. వెండి పాత్ర, కిటికీ, గంట, మోకాళ్ళ దిండు, ఇతరములు. డోరీన్ ‘ఇతరములు’ దగ్గర గుర్తు పెట్టి, వివరం రాసింది. అది సంఘపెద్ద చేతిలోంచి పాస్టరమ్మకు, అక్కణ్ణుంచి బిషప్పుగారి ఆఫీసుకు, అక్కణ్ణుంచి ‘ప్రాచీన దేవాలయాల సలహా, పునస్సలహా సంఘం’ దగ్గరికి వెళ్ళింది. ఆ సంఘం మొదట సలహా ఇస్తుంది. ఆ సలహా తీసుకోవచ్చో లేదో తర్వాత సలహా ఇస్తుంది.

సంఘం కార్యదర్శి ఆస్వల్డ్ పిమ్ దగ్గర్నుంచి మర్యాదతో తడిసి ముద్దయిన ఉత్తరం వచ్చింది. ‘తమ ఔదార్యమునకు సంఘము మిక్కిలి చలించినది. అయితే దాతలు సాధారణముగా కంటికి కనబడునట్టివి, ముక్కుకు సోకనట్టివి సమర్పించుట ఆనవాయితీ. తాము మోకాళ్ళ దిండు విషయమును ఆలోచింపగలరా?’

డోరీన్ ఆలోచించింది. దిండు మీద మోకరించినంత మాత్రాన తన ఇబ్బంది తీరదని, పైగా ఎక్కువవుతుందని జవాబు రాసింది. అప్పుడు సంఘం స్వయంగా వచ్చి స్థలం చూస్తానంది.

ఒక గురువారం ఏడుగురు సభ్యులు వచ్చారు. వారిలో రాతి నిపుణుడు, చెక్క నిపుణుడు, రాయికీ చెక్కకీ మధ్య ఉండే సందుల నిపుణుడు ఉన్నారు. నగరం నుంచి రెండు గంటల ప్రయాణం. దారిలో ఫ్లాస్కుల్లో కాఫీ తాగారు. చర్చిలో గోడలు తట్టారు, నేల మీద చెవి ఆనించారు, చూరుకేసి చూసి నిట్టూర్చారు. మేవిస్ టీ పోసింది. నిమ్మకాయ కేకు పెట్టింది. ఇంకో విడత టీ పోసింది.

మొదట సందుల నిపుణుడు వచ్చి డోరీన్ చెవిలో అన్నాడు. “అమ్మా, ఇక్కడెక్కడైనా చేతులు కడుక్కోవచ్చా?”

“రోడ్డవతల బీరుకొట్టుందండీ. అరగ్లాసు కొనాలి.”

పావుగంటలో ఏడుగురూ వరసగా రోడ్డు దాటారు. పిమ్‌గారు రెండుసార్లు దాటారు. బార్నబీకి ఆ గురువారం క్రిస్మసులా గడిచింది. డోరీన్ గుమ్మంలో నిలబడి ఆ ఊరేగింపు చూసి, ఇక తన పని అయినట్టేనని మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకుంది. చెప్పి ఒప్పించడం వేరు, అనుభవమే వచ్చి చెప్పడం వేరు కదా.

సంఘం నివేదిక మూడు నెలలకు వచ్చింది. అందులో ఇలా ఉంది: ‘ప్రస్తుతమున్న ఏర్పాట్లను సభ్యులు స్వయముగా పరీక్షించి, సంతృప్తికరముగా ఉన్నట్లు కనుగొనిరి.’

డోరీన్ ఆ వాక్యం మూడుసార్లు చదివింది. జీవితంలో మొదటిసారి అవసరం లేకుండా గుడ్డి హంసకు వెళ్ళి నిండు గ్లాసు కొనుక్కుంది.

అయితే మొండితనంలో ఆమె తక్కువది కాదు. ట్రాక్టరు అమ్మేశాక వెనక్కి తగ్గితే క్లిఫర్డ్ మొహం ఎలా చూడాలి? (ఫొటోలోనే అయినా.) ఆమె అప్పీలు చేసింది. అప్పీలు సంగతి పునస్సలహా విభాగం చూస్తుంది. అందులోనూ ఆ ఏడుగురే ఉంటారు గానీ, కుర్చీలు మార్చుకుని కూర్చుంటారు. వాళ్ళు ఈసారి మెత్తబడ్డారు. చర్చి లోపల ఉత్తర దిక్కు గోడ పక్కన, ఎవరి కంటా పడని మూల, రెండడుగులు తవ్వి చూసుకోవచ్చునని, తవ్వేటప్పుడు ఒక పురావస్తు నిపుణురాలు దగ్గరుండాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆమె జీతం కానుక డబ్బులోంచే ఇవ్వాలని కూడా రాశారు.

డాక్టర్ ఇమోజెన్ ప్రౌట్ చిన్న తాపీ, చిన్న కుంచె పట్టుకుని వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం గోతిలోంచి కేక పెట్టింది. డోరీన్, మేవిస్, ఆబ్లెట్ ముగ్గురూ పరుగెత్తారు.

“చూడండి, చూడండి! ఈ రాతికి మధ్యలో గుండ్రటి కన్నం! గోడలోంచి వాలుగా కాలువ!” డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “ఏడు వందల ఏళ్ళ నాటి మరుగుదొడ్డండీ ఇది! పాదిరిగారి సొంత మరుగుదొడ్డి! జిల్లాలో ఇంత చక్కటిది ఇంకోటి లేదు. ఆయన ఇక్కడే, సరిగ్గా ఇక్కడే కూర్చునేవాడు!”

డోరీన్ వంగి ఆ కన్నంలోకి చూసింది.

“ఆయన ఎవర్ని అడిగి కట్టుకున్నాడమ్మా?” అంది.

ఆబ్లెట్ మాత్రం టోపీ తీసి నిలబడ్డాడు. “మా వంశం వాళ్ళు కూడా కూర్చుని ఉంటారు,” అన్నాడు గంభీరంగా. “అందరికంటే ముందు.”

ఇంత చెప్పాక ఏం జరిగి ఉంటుందో ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఎనిమిది వందల ఏళ్ళ చర్చికి మరుగుదొడ్డి ఇవ్వడం ఆనవాయితీ కాదన్న సంఘం, ఇప్పుడు సంప్రదాయం దొరికింది కాబట్టి దాన్ని కాపాడక తప్పదంది. పిమ్‌గారి కొత్త ఉత్తరం ఇలా సాగింది: ‘సదరు స్థలము మరుగుదొడ్డిగా ఉపయోగింపబడినట్లు నిర్ధారణ అయినందున, అట్టి చారిత్రక ప్రాధాన్యము దృష్ట్యా, ఇకపై దానిని మరుగుదొడ్డిగా ఉపయోగించుట నిషేధింపబడినది.’

కన్నం చుట్టూ తాడు కట్టారు. పైన గాజుపలక వేశారు. లోపల చిన్న దీపం పెట్టారు. పత్రికలో ఫొటో పడింది. వారం తిరిగేసరికి బస్సులు రావడం మొదలైంది. రంగుటద్దాల కిటికీలకు రాని జనం, ముక్కు విరిగిన దేవదూతలకు రాని జనం, పాదిరిగారు కూర్చున్న రాయి చూడటానికి వరసలు కట్టారు. మనిషికి ఆరు పౌండ్ల టిక్కెట్టు పెట్టారు. రాయిని చూసి జనం నవ్వుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, పది నిమిషాల్లో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. అటువంటి వస్తువును దీపం వెలుగులో అంతసేపు చూస్తే వచ్చే ఆలోచన అదే మరి.

జనం బార్నబీ కొట్టులో పట్టలేదు. సందర్శకులు ఫిర్యాదులు రాశారు. ఒకాయన సమాధుల మధ్య దొరికిపోయాడు. (ఆబ్లెట్‌ల సమాధుల మధ్య. అదొక పెద్ద గొడవ.) సలహా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఏళ్ళ తరబడి కదలని ఫైలు మూడు వారాల్లో కదిలి, ఆమోదమై, ముద్ర పడి వచ్చింది. చర్చి ఆవరణలో చెట్ల వెనకాల, వేడినీళ్ళతో, చేతులు ఆరబెట్టే యంత్రంతో, చక్కటి మరుగుదొడ్డి లేచింది. ఖర్చుకు డబ్బెక్కడిదంటారా? అటువంటి ప్రయోజనానికే ఒక దాత ఇచ్చిన నిధి సిద్ధంగా ఉందని పిమ్‌గారు గుర్తుచేశారు. తలుపు మీద ఇత్తడి ఫలకం కూడా వేశారు. ‘క్లిఫర్డ్ యాక్స్‌లీ జ్ఞాపకార్థం.’ బిషప్పుగారే వచ్చి రిబ్బను కత్తిరించారు. మొదటగా వాడే గౌరవం వద్దని వినయంగా తప్పుకున్నారు.

డోరీన్ ఆ ఫలకాన్ని చేత్తో తడిమింది. మేవిస్ పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది. ఎన్ని తిప్పలు పడితేనేం, నవంబరు ఆదివారానికి ఇంకా పది రోజులుంది.

ఆ ఆదివారం రానే వచ్చింది. డోరీన్ పొద్దున్న టీ కూడా నిశ్చింతగా తాగింది. కొత్త కోటు వేసుకుంది. పాస్టరమ్మ జాబితా మొదలుపెట్టింది. ఆబ్లెట్‌లు వరసగా, నింపాదిగా, ఒక్కరూ తప్పకుండా గడిచారు. సగం ఊరు అయ్యేసరికి డోరీన్ లేచింది. ఇప్పుడు వెళ్ళొస్తే యాక్స్‌లీ పేరు వచ్చేసరికి తిరిగి బల్ల మీద ఉంటుంది. చెట్ల వెనక్కి వెళ్ళింది. తలుపు తాళం వేసి ఉంది. ఫలకం కింద ఇంకో చిన్న పలక ఉంది. ‘సందర్శకులకు మాత్రమే. ఆరాధన సమయంలో మూసి ఉంచబడును.’

చర్చి గుమ్మం దగ్గర ఆబ్లెట్ నిలబడి ఉన్నాడు. తాళంచెవి అతని జేబులో ఉంది.

“హ్యూబర్ట్, తియ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది!”

“నా చేతిలో ఏముందమ్మా! ఇది సందర్శకుల దొడ్డి. ఆరాధన జరిగేటప్పుడు సందర్శకులను లోపలికి రానివ్వం. సందర్శకులు లేనప్పుడు తెరిచి ఏం లాభం? కమిటీ ఆలోచించే రాసింది.”

“కట్టించింది నేను!”

“కాదని ఎవరన్నారు? అందుకే కదా మీ ఆయన పేరు వేశాం.” ఆబ్లెట్ గొంతు తగ్గించాడు. నిజంగానే జాలిపడ్డాడు. “తీద్దామనే ఉంది డోరీనమ్మా. కానీ నీకు తీస్తే రేపు భక్తులందరికీ తియ్యాలి.”

డోరీన్ రోడ్డు దాటింది. తిరిగి వచ్చేసరికి కొవ్వొత్తులు ఆర్పుతున్నారు. మేవిస్ నోరు తెరవబోయి, వదినగారి మొహం చూసి మూసేసుకుంది.

అదే వారం మంగళవారం ఇద్దరూ వచ్చి, వరసలో నిలబడి, ఆరేసి పౌండ్లు పెట్టి సందర్శకుల టిక్కెట్లు కొన్నారు. (దాతలకు రాయితీ లేదు. ఇస్తే కానుక ఇవ్వడం వెనక స్వార్థముందనుకునే ప్రమాదముంది.) మొదట చెట్ల వెనక్కి వెళ్ళొచ్చారు. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల వెచ్చగా ఉంది. ఆ తర్వాత జనం రాయి దగ్గర మూగి ఉంటే, వీళ్ళు ఖాళీ బల్లల్లో తమ పాత చోట కూర్చున్నారు. మేవిస్ సంచీలోంచి కొవ్వొత్తి తీసి వెలిగించింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పాస్టరమ్మ కంటే గట్టిగా, కన్నం చూసేవాళ్ళంతా ఇటు తిరిగేలా చదివింది.

“క్లిఫర్డ్ యాక్స్‌లీ.”

డోరీన్ విన్నది. ఆపుకోకుండా ఏడ్చింది. “ఇంకోసారి చదువు,” అంది. మేవిస్ ఇంకోసారి చదివింది. ఇద్దరూ ఎక్కడికీ పరుగెత్తకుండా రెండు గంటలు కూర్చున్నారు.

ఆ తర్వాత వాళ్ళు ఆదివారాలు మానేశారు. మంగళవారాలు తప్పలేదు. సంవత్సరాంతంలో సలహా సంఘం బిషప్పుగారికి పంపిన నివేదికలో సెయింట్ బోటాల్ఫ్ చర్చికి భక్తులు ఇద్దరు తగ్గారని, సందర్శకులు ఇద్దరు పెరిగారని రాశారు. రెండోదాన్ని విజయాల కింద చూపించారు.